నూట పన్నెండో పాట

యేసుపాదం మాస్టారికి హెడ్విగ్ దొరసాని అంటే వల్లమాలిన గౌరవం. ఎప్పుడో మూడు వందల ఏళ్ల కిందట, జర్మనీలోని ఒక కోటలో, ఆమె ఐదుగురు బిడ్డల్ని మశూచికి పోగొట్టుకుని ఒక్కో ఊయల దగ్గర ఒక్కో పాట రాసిందట. ఆ పాటల్ని ఒక పాస్టరు తన పేరుతో అచ్చు వేసుకున్నాడట. డుంబ్రిగుడ అవతల కొండ మీది లూథరన్ గుడిలో మాస్టారు ఏటా ఈ కథ చెప్పి, ఆ పాస్టరుని చెడామడా తిట్టేవారు.

ఆ గుడికే వచ్చేది బుదరి. కాఫీ పళ్లు కోసే మనిషి, అక్షరం ముక్క రాదు. కొడుకు మలేరియాతో పోయిన ఏడాది, పళ్లు కోస్తూ తనే ఒక పాట కట్టుకుంది. ఊయల ఖాళీ అయినా తాడు నీ చేతిలోనే ఉంది తండ్రీ, అని మొదలవుతుంది అది. మొదటిసారి విన్నప్పుడు మాస్టారు ఆమె చేత మళ్లీ పాడించుకుని కాగితం మీద రాసుకున్నారు.

1996లో గుళ్లన్నిటికీ పాటల పుస్తకం తయారుచేసే పని ఆయన మీద పడింది. కూలిమనిషి కట్టిన పాట అంటే కింద పట్నంలోని సంఘ పెద్దలు పక్కన పడేస్తారని భయం. పాట బతికితే చాలు కదా అని తనకు తానే నచ్చజెప్పుకుని, నూట పన్నెండో పాట కింద ‘రచన: హెడ్విగ్ దొరసాని’ అని, ఆ కింది వరుసలో ‘తెలుగు: యేసుపాదం’ అని రాసి పంపారు. పెద్దలు మురిసిపోయి శాలువా కప్పారు. ఈయన కప్పించుకున్నారు, అదీ సంగతి.

పుస్తకాలు వచ్చిన ఆదివారం బుదరి అందరికన్నా ముందే వచ్చింది.

“మేస్టరూ, నా పాట ఏసినారా? నా పేరేది?”

నిజం చెప్పడానికి ఎంతసేపు పడుతుంది! ఆయన పుస్తకం తెరిచారు. ఆమె వేలు పట్టుకుని దొరసాని పేరు మీద పెట్టారు.

“ఇదిగో, ఇక్కడ.”

“ఇదేనా నేను?” అని బుదరి సిగ్గుపడి నవ్వింది.

రెండో ముద్రణలో దిద్దుదాంలే అనుకున్నారు. 2003లో అదీ వచ్చింది. అప్పటికి ఆ పాట పదూళ్లలో పాడుతున్నారు. దిద్దితే శాలువా సంగతి ఏమిటని అడుగుతారు. దిద్దలేదు.

2007 వానల్లో బుదరి పోయింది. సమాధి దగ్గర ఆ పాటే పాడారు. అందరూ వెళ్లాక మనవరాలు సుజానా, ఐదో తరగతి చదివే గుంట, అవ్వ పుస్తకం తెచ్చి మాస్టారి ముందు తెరిచింది.

“రోజూ పొద్దున్నే అవ్వ ఇక్కడ ఏలెట్టి, ఇది నేనేనే అనీది. నాకు సదువొచ్చాక సూత్తే ఏటీ నేదు మేస్టరూ. కింద మీ పేరే ఉంది.”

మాస్టారు కళ్లజోడు సర్దుకుని చూశారు. పదకొండేళ్ల రాపిడికి దొరసాని పేరు చెరిగిపోయి, అక్కడ కాగితం నూగులేచింది. కింద తన పేరు మాత్రం చెక్కుచెదరలేదు. పెన్ను తీసి తన పేరు కొట్టేసి, పక్కన ‘బుదరి’ అని రాశారు.

సుజానా ఆ పేరు చదివి తలెత్తింది.

“అయితే ఇన్నాళ్లూ అవ్వ ఎవురి పేరు ముట్టుకుంది?”

మాస్టారు అక్కడే తడి మట్టి మీద కూర్చుని, ఏదీ దాచకుండా అంతా చెప్పారు. చెప్పాల్సిన మనిషికి మాత్రం కాదు.