సెలవు అని రాశాను

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. మా ఆయన పోయాక నేర్చుకున్న అక్షరాలివి. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. దీర్ఘం ఎక్కడ పెట్టాలో ఆలోచించేలోపు పొయ్యి మీద పాలు పొంగిపోతాయి. అందుకే మెల్లగా రాస్తాను. తప్పులన్నీ మా అమ్మాయి దిద్దింది. ఒక్కటి మాత్రం దిద్దొద్దన్నాను. దాని గురించే ఇదంతా.

పొద్దున్నే మా అమ్మాయిని మంచం మీంచి లేపడంతో నా రోజు మొదలయ్యేది. పుట్టినప్పటి నుంచీ తన కాళ్ళు నా ఒత్తుల్లాంటివే, చెప్పిన మాట వినవు. మాట ఆగి ఆగి వస్తుంది. బుర్ర మాత్రం చురుకు. చంకల కింద చేతులు వేసి, గుండెకు ఆనించుకుని, ఒక్క ఊపున కుర్చీలోకి చేర్చాలి. తర్వాత స్నానం, బట్టలు, జడ. పసిపిల్లప్పుడు మొదలైన ఎత్తుకోవడం తన తలలో తెల్లవెంట్రుకలు కనిపించినా ఆగలేదు. నేను నడుం పట్టుకుని కూలబడితే, "ఇంట్లో ఖాళీగానే ఉన్నావుగా, ఏమైంది?" అనేవాడు మా ఆయన. చెడ్డవాడు కాదు. ఆఫీసు నుంచి రాగానే కూతురి తల నిమిరి పేపరు పట్టుకునేవాడు. ఆ నిమరడం చూసి చుట్టాలు "ఎంత ప్రేమో!" అని మురిసిపోయేవారు. నా ఎత్తుకోవడం మాత్రం గోడకు వేసిన సున్నంలా ఇంట్లో కలిసిపోయింది, ఎవరి కంటా పడేది కాదు. మా అత్తగారిది సూటి మాట. "కన్నదానివి, మొయ్యక ఏం చేస్తావు?" పిల్ల ఇద్దరిదీ కదా అన్న మాట నా నోటిదాకా వచ్చి పళ్ళ వెనకే ఆగిపోయేది.

ఆయన పోయాక మరిది వాళ్ళింట్లో, పై అంతస్తులో ఉన్నాం. నా నడుం చెడింది. ఇంకా బరువులెత్తితే నేనూ మంచం పడతానన్నాడు డాక్టరు. ఆ సాయంత్రమే మరిది కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"వదినా, అమ్మాయిని ఏదైనా ఆశ్రమంలో చేర్పిద్దాం. నువ్వు ఇక్కడే ఉండు. పిల్లల్ని చూసుకుంటూ, వంటకి సాయంగా."

"అక్కయ్యకీ కాస్త విశ్రాంతిగా ఉంటుంది," అంది తోడికోడలు.

ఒక బరువు దించి ఇంకోటి నెత్తిన పెట్టడానికి విశ్రాంతి అని పేరు! అతను వెళ్ళాక మా అమ్మాయి నా కొంగు పట్టుకుంది. "అమ్మా... నేను... వెళ్ళను."

ఆ వారమే వార్డు ఆఫీసులో మీటింగు పెట్టారు. వికలాంగులకు ప్రభుత్వం ఇస్తామన్నవాటిలో ఏవి అందాయి, ఏవి అందలేదు అని ఏటా అడుగుతారట. మాకు చక్రాల కుర్చీ అందింది, బస్సులోకి కుర్చీ ఎక్కించే వాలుబల్ల వచ్చింది. ఇంటికొచ్చి సాయం చేసే మనిషి మాత్రం రాలేదు. "దాన్ని సేవ అంటారు. అదే అడుగు," అని మా అక్షరాల క్లాసు పంతులమ్మ ముందే చెప్పి పంపింది.

ఆఫీసరమ్మకు కంటిచూపు లేదు. తెల్లకర్ర బల్లకి ఆనించి, "వచ్చినవి చెప్పుకోవడానికి మేమున్నాం. రానివి మీరు బోర్డు మీద రాయండి," అంది. నేనూ సుద్దముక్క తీసుకున్నాను. నన్నూ మా అమ్మాయినీ తీసుకొచ్చిన మరిది వెనక నుంచి చూస్తున్నాడు. గబగబా రాసేశాను. గుమాస్తా పైకి చదివాడు.

"నాకు సెలవు కావాలి."

ఎవరో కిసుక్కుమన్నారు. "అదేంటి వదినా! అమ్మతనానికి ఆదివారాలుంటాయా?" అన్నాడు మరిది. దాంతో హాలంతా గొల్లుమంది. సేవ రాయబోయి సెలవు రాశాను! కొంగుతో తుడిచెయ్యబోతే, "చెరిపేస్తున్నారు మేడం," అన్నాడు గుమాస్తా.

"చెరపకండి. ఎవరు రాశారు?" అంది ఆఫీసరమ్మ.

"నేనేనండీ. తప్పు పడింది."

"ఆఖరిసారి ఎప్పుడు తీసుకున్నారమ్మా, సెలవు?"

ఎంత వెతుక్కున్నా దొరకలేదు. "మా ఆయన శవం వాకిట్లో ఉన్నప్పుడు కూడా లోపలికి వెళ్ళి మా అమ్మాయికి అన్నం తినిపించి వచ్చానండీ," అన్నాను.

ఆవిడ గుమాస్తా వైపు తిరిగింది. "చూసుకునేవాళ్ళకి సెలవు. పథకంలో ఉంది కదయ్యా, ఇక్కడెందుకు మొదలుపెట్టలేదు?"

"ఎవరూ అడగలేదు మేడం."

"ఇప్పుడు అడిగారుగా, రాసుకో." తర్వాత మా అమ్మాయిని అడిగింది. "మీకేం కావాలండీ?"

తనని ఎవరైనా 'మీరు' అనడం అదే మొదటిసారి. జవాబు కోసం అలవాటుగా అందరూ నా మొహం చూశారు. నేను తన వైపు చెయ్యి చూపించాను.

"కింది అంతస్తులో... ఇల్లు," అంది తను. "నా... పేరున."

చెప్పులరిగేలా తిరిగాం. ఆలస్యమైనా, వచ్చాయి. ముందు సహాయకురాలు వచ్చింది, మనిషిని ఎత్తే చిన్న యంత్రంతో సహా. తర్వాత వెడల్పు తలుపుల ఇల్లు వచ్చింది. ఆశ్రమం ఊసు మరిది మళ్ళీ ఎత్తలేదు.

సహాయకురాలు వచ్చిన మొదటి రోజు నేను గడప దాటలేకపోయాను. "జడ మరీ బిగించకు," అని వెనక్కొచ్చాను. "నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి," అని మళ్ళీ వచ్చాను. మా అమ్మాయి పకపకా నవ్వింది.

"అమ్మా... వెళ్ళవే. నాక్కూడా... సెలవు కావాలి. నీ నుంచి!"

చురుక్కుమంది. మరుక్షణం నాకూ నవ్వొచ్చింది. మోసింది నేను, సరే. ఇన్నేళ్ళు నా చేతుల్లో ఇరుక్కున్నది తను. ఆ సంగతి నాకు ఏనాడూ తట్టలేదు.

వీధి చివర బల్ల మీద కూర్చుని టీ తాగాను. మధ్యలో ఎవరూ పిలవలేదు. చివరి గుక్క కూడా వేడిగానే ఉంది.

ఇట్లు,
సెలవమ్మ (క్లాసులో నా తోటివాళ్ళు పెట్టిన పేరు, నచ్చి ఉంచుకున్నాను).
వయసు అరవై ఒకటి.
ఉంటున్నది మా అమ్మాయి ఇంట్లో.