పెద్దకోడలు తలుపు దగ్గరే ఉంది

ముందుగా ఒక మాట. అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి. అరవై ఆరో ఏట పలక పట్టినదాన్ని. ఒత్తులూ దీర్ఘాలూ ఇంకా నాతో దోబూచులాడుతూనే ఉన్నాయి. ఈ కొద్ది కాగితాలు నింపడానికి నాకు రెండు నెలలు పట్టింది. మీరు కూడా కాస్త నెమ్మదిగా చదివితే ఇద్దరికీ సరిపోతుంది.

నేను కాజాలు కుడతాను. చొక్కాకు గుండీ దూరే చీలిక ఉంటుంది కదా, దాని అంచు పోగులు ఊడకుండా చేత్తో కుట్టడం నా పని. వీధి చివరి దర్జీ దుకాణం నుంచి చొక్కాలు కట్టలుగా వస్తాయి, కుట్టి పంపిస్తాను. నలభై ఏళ్లుగా ఇదే. మా ఆయన గడియారాలు బాగుచేసేవాడు. చెడిపోయిన గడియారాన్ని పారేసి కొత్తది కొనుక్కోవడం జనానికి అలవాటయ్యాక, దుకాణం మూసేసి ఇంట్లో కూర్చున్నాడు. అలా కూర్చున్న మొదటి నెలలోనే మా ఇంటికి టీవీ వచ్చింది. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ వదిలేసి పోతుంటే చంటిపిల్లాడిని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మెట్లెక్కాడు.

"దీనికి గొంతు పోయిందట. బొమ్మ ఒక్కటే వస్తుంది" అన్నాడు.

మాట్లాడనిదాన్ని పెట్టుకుని ఏం చేసుకుంటామని అడిగాను.

"దానికి నోరు లేకపోతేనేం, నాకుందిగా" అన్నాడు.

నాకు ఆశ్చర్యమేసింది. ఎందుకంటే ఆయనకు నోరున్నట్టు అప్పటిదాకా నాకు పెద్దగా తెలియదు. కంట్లో భూతద్దం పెట్టుకుని గడియారం మీదికి వంగితే పొద్దస్తమానం ఊఁ కొట్టడమే తప్ప మాట ఉండేది కాదు.

మా గది చిన్నది. కిటికీ దగ్గర దీపం, దీపం కింద నేను. టీవీ పెట్టడానికి చోటు ఎదురు గోడ దగ్గరే దొరికింది, అంటే నా వీపు వెనక. ఏడున్నర అయ్యేసరికి ఆయన స్టూలు లాక్కుని కూర్చుని మొదలుపెట్టేవాడు. పెద్దకోడలు మెట్లు దిగుతోందనీ, కళ్లు వాచి ఉన్నాయనీ, చిన్నకోడలు అద్దం ముందు నుంచి లేవలేదనీ, అత్తగారు వంటింటి గడపలో నిలబడి పెదవి కొరుకుతోందనీ ఒక్కొక్కటే చెప్పేవాడు. నేను వింటూ కుట్టేదాన్ని. ఒక పూట కథకు ఎనిమిది కాజాలు. ఏడుపులున్న రోజున ఆరే అయ్యేవి.

ఆ ఇంట్లో నాకు అందరికంటే ఇష్టమైనవాడు కర్ర బాబాయి. పెద్దకోడలికి చిన్నమామ వరస. చేతికర్ర లేకుండా నడవలేడు, మేడ మీద పావురాలను పెంచుకుంటాడు. ఇంట్లో ఎవరు ఏం చేసినా ఏమీ అనడు. పెద్దకోడలు ఒక రోజు సంచి భుజాన వేసుకుని గడప దాటి వెళ్లిపోతే మేడ మీంచి చూశాడు, పిలవలేదు. ఎందుకు పిలవలేదని నేను సూది ఆపి మరీ అడిగాను. ఏమో, ముఖం పక్కకు తిప్పుకున్నాడు, కనిపించలేదు అన్నాడు మా ఆయన.

అలా ఏడేళ్లు. మెడ పట్టేసినప్పుడు అప్పుడప్పుడూ వెనక్కి తిరిగేదాన్ని. నావి దగ్గరి పనికి పెట్టుకునే అద్దాలు, దూరంగా ఉన్నది మసకగా కనిపిస్తుంది. ఎప్పుడు తిరిగినా కోటు వేసుకున్న మనిషి ఒకడు బల్ల వెనక కూర్చుని ఉండేవాడు. ఎవరతను అని అడిగితే, లాయరు, ఆస్తి తగాదా నడుస్తోంది అని చెప్పాడు. నాకు సబబుగానే తోచింది. అంత పెద్ద ఇంట్లో ఆస్తి తగాదా ఉండకుండా ఎలా ఉంటుంది.

పోయిన ఏడాది వానలు మొదలైన వారంలో పెద్దకోడలు తిరిగి వచ్చింది. వెళ్లిపోయి ఆరేళ్లయింది. తడిసిన సంచితో తలుపు ముందు నిలబడింది. లోపల కర్ర బాబాయి ఒక్కడే ఉన్నాడు.

"తట్టిందా?" అని అడిగాను.

"చెయ్యెత్తింది. అంతలో అయిపోయింది. రేపు చూద్దాం" అన్నాడు.

మర్నాడు పొద్దున గడ్డం గీసుకుంటూ, అలసటగా ఉందంటూ మంచం మీద కూర్చున్నాడు. ఇక లేవలేదు.

వచ్చినవాళ్లు వచ్చారు, వెళ్లినవాళ్లు వెళ్లారు. నెల గడిచాక ఒక సాయంత్రం ఏడున్నరకు టీవీ పెట్టి, మొదటిసారి దానికి ఎదురుగా కూర్చున్నాను. లాయరు కనిపించాడు. పెదవులు కదుపుతున్నాడు. మర్నాడూ లాయరే. వారం రోజులు చూశాను, కేసు తెమలలేదు, ఇంట్లోవాళ్లు ఒక్కరూ రాలేదు. చెప్పే మనిషి లేకపోతే ఆ పెట్టెలో నాకేమీ కనిపించదని తెలిసిపోయింది. కింద సెలూన్ ఆయనకు ఇచ్చేశాను. వరసలో కూర్చున్నవాళ్లకైనా పనికొస్తుందని.

అప్పుడు మొదలయ్యాయి అసలు తిప్పలు. పగలు పని ఉంటుంది, గడిచిపోతుంది. సాయంత్రాన్ని ఏం చేయాలి? వంటింటి డబ్బాలన్నీ దించి తుడిచి మళ్లీ సర్దాను. మూడు రోజుల తర్వాత మళ్లీ దించాను. కూతురింటికి వెళ్తే అక్కడ అందరూ తలొక ఫోను పట్టుకుని తలలు వంచుకుని ఉన్నారు. పాత శాలువా విప్పి దారం ఉండ చుట్టి, ఆ దారంతోనే మళ్లీ అల్లితే ఒక చెయ్యి తక్కువ స్వెటరు తయారైంది. పార్కులో కూర్చుంటే నడిచేవాళ్లు ఒక్కొక్కరూ ఎనిమిదిసార్లు నా ముందు నుంచి వెళ్లారు. ఎనిమిదిసార్లూ నవ్వాలో వద్దో తెలియక నాకు దవడలు నొప్పి పుట్టాయి.

ఇవన్నీ చేస్తున్నా లోపల ఒకటే తొలుస్తుండేది. తలుపు తీశాడా, లేదా? ఊరంతా టీవీ చూస్తుంది కదా, ఎవరో ఒకరు చెప్పకపోతారా అనుకున్నాను. కానీ మొగుడు పోయిన మనిషి సీరియల్ గురించి ఆరా తీస్తే ఏమనుకుంటారోనని నోరు మెదపలేదు.

మా వీధిలో బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ, అందరికీ ఇస్త్రీ వదిన, నన్ను చదువు క్లాసుకు లాక్కుపోయింది. బడి వదిలాక అదే గదిలో, పిల్లల బల్లల మీద, పెద్ద ఆడవాళ్లం పదకొండు మందిమి. మోకాళ్లు బల్ల కింద పట్టవు. ఏడాది తిరిగేసరికి నేను బస్సు మీది బోర్డు చదివాను, మందు సీసా మీద రాసింది చదివాను, మా ఆయన దుకాణం బోర్డు ఇంట్లో మూలన ఉంటే అదీ చదివాను. ఒక రోజు టీచరమ్మ, మీకు బాగా తెలిసినదేదైనా ఒక పేజీ రాసుకురండి అంది. నాకు బాగా తెలిసింది ఆ ఇల్లే. పైగా రాసి చదివితే, వినేవాళ్లలో ఒకరైనా చివర చెప్తారు. పేజీ అనుకున్నది ఆరు పేజీలైంది.

నిలబడి చదివాను. చదవడం అయ్యాక, తర్వాత ఏమైందో తెలిస్తే చెప్పండమ్మా అన్నాను. ఇస్త్రీ వదిన ముఖం చిట్లించింది. పదిహేనేళ్లుగా ఒక్క సీరియల్ వదలని మనిషి అది.

"ఏ చానెల్‌ది వదినా ఇది? ఈ కర్ర బాబాయి ఎవరో నాకు తెలియకుండా ఎట్లా ఉంటాడు?"

చానెల్ పేరు నాకు తెలియదన్నాను. నాలుగో మీట. మిగతావి నొక్కినా పనిచేసేవి కావు. రోజూ ఏడున్నరకు.

"నాలుగులో ఏడున్నరకి వార్తలు కదా" అంది ఇస్త్రీ వదిన.

ఆసుపత్రిలో ఆయాగా చేసే అమ్మాయి అందుకుంది. "అవును పెద్దమ్మా, మా హాల్లో రోగులకి రోజూ అదే పెడతాం. ఎప్పుడూ వార్తలే. కోటాయన చదువుతాడు."

"ఆయన లాయరు కదా" అన్నాను నేను.

గది గదంతా నవ్వింది. నా ముఖం చూసి ఒక్కొక్కరే ఆపేశారు.

మర్నాడు ఏడుంబావుకే దూరం చూపు అద్దాలు పెట్టుకుని సెలూన్‌కు దిగాను. వరసలో ఉన్న ఇద్దరు జరిగి చోటిచ్చారు. టీవీ గట్టిగా అరుస్తోంది. దీనికి గొంతు ఎప్పుడు తెప్పించావు నాయనా అని సెలూన్ ఆయనను అడిగాను.

"గొంతు పోతే కదా పెద్దమ్మా, తెప్పించడానికి" అన్నాడు కత్తెర ఆపకుండా. "ప్లగ్గు పెట్టగానే బొమ్మ వచ్చింది. శబ్దం మీట పూర్తిగా తగ్గించి, పైన నల్ల టేపు అంటించి ఉంది. మీరే అంటించారనుకున్నా."

నేను అంటించలేదు. నల్ల టేపు మా ఇంట్లో వాడే మనిషి ఒక్కడే.

ఏడున్నర అయింది. కోటాయన వచ్చాడు. మాట్లాడాడు. ఎక్కడో వంతెన కుంగిందన్నాడు, ఎక్కడో జనం బారులు తీరారన్నాడు. ఆయన మాట్లాడుతుంటే వెనక బొమ్మలు మారుతున్నాయి. బారులు తీరిన జనాన్ని చూడగానే కర్ర బాబాయి పావురాలను చూడటానికి ఊరు ఊరంతా మెట్ల మీద వరస కట్టిన రోజు గుర్తొచ్చింది. ఇంట్లోకి వరద నీళ్లు వచ్చి అత్తగారి పెట్టెలు తేలిన వారం గుర్తొచ్చింది. తెల్లబట్టల వాళ్లు గుంపుగా వచ్చి పెద్దకొడుక్కి దండలు వేసిన సంగతి గుర్తొచ్చింది. ఎందుకు వేశారంటే, ఊరికే, మంచివాడని అన్నాడు మా ఆయన. ఓట్ల కాలం కాబోలు.

మెట్లెక్కి పైకి వచ్చి ఆయన స్టూలు మీద కూర్చున్నాను. నాకేమీ అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు.

కూతురితో చెప్తే, నాన్నకు చూపు పోయి ఉంటుందమ్మా, నీకు తెలియకుండా దాచాడేమో అంది. పోయే ముందురోజు కూడా నా సూదుల్లో దారం ఆయనే ఎక్కించాడు. మరి నిన్ను ఆటపట్టించాడేమో అంది. ఒక రోజు ఆటపట్టిస్తారు, పది రోజులు ఆటపట్టిస్తారు, ఏడేళ్లా? టీ కొట్టు దగ్గర ఆయనతో చదరంగం ఆడిన పెద్దమనిషిని అడిగాను. మీ ఆయనా, కథలా, రాజుకు చెక్ పెట్టినా నోరు తెరిచి చెప్పేవాడు కాదమ్మా, వేలితో చూపించేవాడు అన్నాడు. మరి ఆ మాటలన్నీ ఎక్కడివి? పెద్దకోడలి చీర అంచు రంగు కూడా చెప్పేవాడే. అన్నీ అప్పటికప్పుడు అల్లాడా, పగలంతా ఆలోచించి పెట్టుకునేవాడా? ఇంత కథ కడుపులో పెట్టుకున్న మనిషితోనా నేను అన్నేళ్లు కాపురం చేసింది?

క్లాసులో ఇదంతా చెప్పాను. ఆయా అమ్మాయి పెన్సిలు నములుతూ వింది.

"ఆ పెద్దకోడలివి నువ్వే కదా పెద్దమ్మా" అంది.

కోపమొచ్చి పుస్తకం మూసేసి వచ్చేశాను. నేనెందుకవుతాను? ఆవిడ ఆరేళ్లు వెళ్లిపోయింది. నేను వెళ్లింది పదకొండు రోజులు.

రాయకూడదనుకున్నాను, రాసేశాను కనుక ఉండనిస్తాను. పెళ్లయిన తొమ్మిదో ఏట, మాట్లాడని మనిషితో ఉండలేక, నాలుగు బట్టలు సంచిలో వేసుకుని మా అక్క దగ్గరికి వెళ్లిపోయాను. ఆయన పిలవలేదు, రాలేదు. పదకొండో రోజు నా అంతట నేనే తిరిగొచ్చాను. తలుపు చేరవేసి ఉంది. చెయ్యెత్తి, చాలాసేపు అలాగే నిలబడ్డాను. చివరికి తట్టకుండానే తోసుకుని వెళ్లాను. ఆయన గడియారం మీంచి తల ఎత్తలేదు. టీ పెట్టు అన్నాడు, అంతే. ఆ తర్వాత అన్నేళ్లలో ఆ పదకొండు రోజుల ఊసు ఒక్కసారి కూడా ఎత్తలేదు. కోపమా, సంతోషమా, నేను వస్తానని ముందే తెలుసా, ఏదీ నాకు తెలియదు. తలుపు అవతల నిలబడి నేనేమనుకున్నానో నాకు తెలుసు. ఇవతల కూర్చుని ఆయనేమనుకున్నాడో ఆయనకే తెలుసు.

అది చెప్పబోయాడేమో. చెప్పడానికి ఒక్క రోజు ముందు ఆగిపోయాడేమో. లేకపోతే అదేమీ కాదేమో, ఆయన మనసులో నేను లేనే లేనేమో. ఎటు ఆలోచించినా చిక్కుముడే.

చివర నువ్వే రాసెయ్యమంది టీచరమ్మ. రెండుసార్లు రాశాను. ఒకసారి బాబాయి లేచి వచ్చి తలుపు తీశాడు, ఒకసారి తీయలేదు. రెండూ చించేశాను. రెండిట్లోనూ ఆయన గొంతు లేదు, నాదే ఉంది. నాది నాకెందుకు. క్లాసులో తలా ఒక చివర చెప్తున్నారు. ఇస్త్రీ వదిన అయితే ఏకంగా కర్ర బాబాయిని చంపేసి, ఆస్తి పెద్దకోడలి పేర రాయించింది.

అందుకే ఇది రాశాను. గడియారం బాగుచేయించుకోవడానికి వచ్చినప్పుడో, బస్సులో పక్కన కూర్చున్నప్పుడో, ఆ ఇంటి సంగతి ఆయన మీలో ఎవరితోనైనా అని ఉంటే నాకు చెప్పండి. మనిషి సన్నగా ఉంటాడు, కుడి కనుబొమ్మ కింద భూతద్దం పెట్టి పెట్టి నొక్కు పడి ఉంటుంది. ఎక్కువ మాట్లాడడు. తలుపు తీశాడా, తీస్తే ఏమన్నాడు, నాకు అది చాలు. తీయలేదన్నా పరవాలేదు, దాచకుండా చెప్పండి. సాయంత్రం ఏడున్నరకు ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
కాజాల పెద్దమ్మ,
వయసు అరవై ఏడు,
సెలూన్ పైన, మెట్లెక్కగానే ఎడమ చేతి గది.