గోడెక్కిన చెయ్యి

మా ఊళ్ళో చెయ్యెత్తితే పల్లెవెలుగు బస్సు ఆగుతుంది. ఆ చెయ్యే లేవకపోతే? మా ఎదురింటి లక్ష్మక్కకు వచ్చిన చిక్కు అదే. పైగా ఆమె ఆపాల్సింది బస్సొక్కటే కాదు, జబ్బును కూడా.

మాది ముదిగుబ్బ దగ్గర పల్లె. లక్ష్మక్కకు కుడి రొమ్ములో క్యాన్సర్ గడ్డ కనపడితే అనంతపురంలో ఆపరేషన్ చేసి తీసేశారు. ఇంటికి పంపేటప్పుడు, ఆ పక్క చేత్తో బరువులెత్తొద్దని చెప్పారు. ఆమె మొగుడు మారెప్ప ఆ మాటను బుద్ధిగా విన్నాడు. బరువులే ఎత్తకూడదంటే, అసలు కదిలించకపోతే ఇంకా మంచిది కదా అనుకున్నాడు.

మారెప్ప మేకలూ గొర్రెలూ మేపుతాడు. చుట్టుపక్కల ఎవరి గొర్రె కాలు విరిగినా ఆయన దగ్గరికే తెస్తారు. వెదురు దబ్బలు పెట్టి, కోడిగుడ్డు సొన పూసిన గుడ్డ చుట్టి, కట్టు బిగిస్తాడు. ఆ ప్రేమతోనే లక్ష్మక్క చేతికి కూడా భుజం నుంచి మణికట్టు దాకా బిగించేశాడు. తాళి కట్టిన చేత్తోనే కట్టు కడుతుంటే ఆమె మాత్రం ఏమంటుంది? కట్టుకున్నవాడాయె!

ఆపరేషన్ అయినవాళ్ళ ఇళ్ళకు వచ్చి చూసిపోయే నర్సు వనజాక్షి స్కూటీ ఆపి దిగింది. కట్టు చూసి హెల్మెట్ తీయడం మరిచిపోయింది.

"అయ్యో, యాడన్నా పడితివా అక్కా? చెయ్యి ఇరిగిందా?"

"యాడా పళ్ళేదు సిస్టరమ్మా. ఆయప్ప కట్టినాడు."

"ఏందన్నా ఇది, చెయ్యా, గొర్రె కాలా?"

మారెప్ప మీసం దువ్వుకున్నాడు. "నేను కట్టు కట్టిన పొట్టేలు ఇప్పుడు నాకన్నా ముందు ఉరుకుతాండాది. రా, చూపిస్తా."

"పొట్టేలుకు ఎముక ఇరిగింది. అక్కకేం ఇరిగిందప్పా? ఇట్ల కట్టేస్తే భుజం బిగుసుకుపోతాది!"

కట్టు విప్పారు. చెయ్యెత్తమంటే లక్ష్మక్క ఎత్తింది. అది రొమ్ము దాకా కూడా రాలేదు. చంకలో ఎవరో తీగ పట్టి లాగినట్టు బిగిసి, ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వనజాక్షి నవ్వు ఆగిపోయింది.

"అక్కా, వచ్చే నెల నీకు కరెంటు పెట్టాల. మిషన్ కింద పండుకొని ఈ చెయ్యి తలమీదికి ఎత్తి పెట్టుకోవాల. పెట్టుకోలేకపోతే సరైన చోటికి తగలదు. అందుకని వాయిదా వేస్తారు."

రేడియేషన్‌ను మా వైపు కరెంటంటారు. ఇళ్ళకొచ్చే కరెంటు వాయిదా పడటం మాకు అలవాటే. కానీ జబ్బు వాయిదాలకు ఒప్పుకునే రకం కాదని లక్ష్మక్క ముఖం చూస్తేనే తెలిసింది.

వనజాక్షి ఆమెను వసారా గోడ దగ్గర నిలబెట్టింది. బల్లి పాకినట్టు వేళ్ళతో గోడెక్కమంది. ఎక్కడికి చేరితే అక్కడ ఎర్రమట్టితో గీత.

"నేను వారానికొకతూరి వస్తా. మిగతా దినాలు నీకు నువ్వే నర్సు."

"నాకు సూదెయ్యడం రాదు తల్లీ!"

"సూదెవరు వెయ్యమన్నారు? తానం చేసేటప్పుడు కుట్లు చూసుకో. ఎర్రబడినా, చెయ్యి వాచినా వెంటనే ఫోన్ చెయ్యి. కంప ఏరొద్దు, ఆ చేతికి ముల్లు దిగకూడదు. దినామూ గోడెక్కు."

రెండు రోజులు ఎక్కింది. ఆ తర్వాత గోడకు తన గోడు చెప్పుకుని కూర్చుంది. కుట్లు చూసుకోవడం మాట అటుంచి, ఇంట్లో ఉన్న ఒక్క అద్దాన్నీ గోడవైపు తిప్పేసింది. కట్టు కట్టి చెడగొట్టింది తానే కదా అని మారెప్పకు అన్నం సయించలేదు. దొడ్లోకి పోయి మేకల ముందు కూలబడ్డాడు. పైన వేలాడే వేప మండ కోసం ఒక మేక ముందుకాళ్ళు ఎత్తి, మెడ సాచి, నిక్కి నిక్కి అందుకుంటోంది.

మారెప్ప గబుక్కున లేచాడు. సుత్తి తెచ్చాడు. మేకలు మేపే మనిషి గోడకు మేకు కొట్టాడు! ఎర్ర గీతకు నాలుగు వేళ్ళ పైన, ఆ మేకుకు ఒక చెనక్కాయల ఉండ వేలాడదీశాడు. లక్ష్మక్కకు వేరుశనగలూ బెల్లమూ కలిపిన ఆ ఉండలంటే ప్రాణం.

"నేనేమన్నా మేకనా?"

"మేక ఇన్ని మాటలు మాట్లాడదు లే. అందుకో మే."

ఆమె టపీమని అందుకుంది.

"ఏయ్! ఎడమచెయ్యి కాదు!"

వీధంతా గొల్లున నవ్వింది. లక్ష్మక్కకు రోషం వచ్చింది. కుడిచేతి వేళ్ళు గోడమీద పాకాయి. ఆగాయి. మళ్ళీ పాకాయి. పళ్ళు బిగించింది, ఊపిరి వదిలింది, చివరికి ఉండను లాగేసింది. ఆటలో సిక్సర్ పడితే కూడా మా వీధి అంత అరవదు. మర్నాడు మేకు ఇంకొంచెం పైకి పోయింది. పొద్దున పాలు పిండేవాళ్ళు, నీళ్ళ ట్యాంకర్ కోసం బిందెలతో నిలబడేవాళ్ళు, అందరికీ ఒకటే ప్రశ్న: "యాడికొచ్చె? యాడికొచ్చె?"

ఒక ఉదయం లక్ష్మక్క అద్దాన్ని మళ్ళీ ఇవతలికి తిప్పింది. కాసేపటికి ఆమె ఫోన్ గొంతు మా ఇంటి దాకా వినపడింది. "సిస్టరమ్మా, కుట్లు ఎర్రగా లేవు! ఎవురూ చెప్పలేదు, నేనే చూసుకున్న్యా!"

అయినా కరెంటు కోసం ఆసుపత్రికి పోవడానికి ముందురోజు కూడా చెయ్యి ఒక జానెడు తక్కువే ఉంది. వనజాక్షి వచ్చి చూసి, "నేనైతే చేతులెత్తేయను, నువ్వు ఎత్తక్కా" అని నవ్వింది. నవ్విందే గానీ, పోతూ పోతూ రెండుసార్లు వెనక్కి తిరిగి ఆ గోడ చూసింది.

తెల్లవారింది. ఆ రోజే బస్సు ముందుగా రావాలా? ఆలుమగలు సందు చివరికి వచ్చేసరికి అది కదిలిపోతోంది. మారెప్ప ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో క్యారియర్. "ఆపప్పా! ఆపు!" అని అరుపే తప్ప ఎత్తడానికి ఆయనకు చెయ్యి ఖాళీ లేదు. లక్ష్మక్క ఎడమచేత్తో కొంగు పట్టుకుని రోడ్డు మీదికి ఉరికింది.

"రేయ్ డ్రైవరూ! నిలుపురా!"

బస్సు కీచుమని ఆగింది. మా వీధి కూడా నోరు తెరుచుకుని ఆగిపోయింది. లక్ష్మక్క కుడిచెయ్యి తలకు పైన, నిటారుగా, వేళ్ళు విచ్చుకుని ఉంది.

మారెప్ప చేతిలో క్యారియర్ జారింది. "మే... ఏ చెయ్యది?"

ఆమె తల పైకెత్తి చూసుకుంది. "అబ్బా, ఇదే!"

"బస్సు ఆగింది కదమ్మా, చెయ్యి దించి ఎక్కు" అన్నాడు కండక్టర్.

"దించను పో! మళ్ళా లేస్తాదో లేదో!"

సగం దూరం ఆమె చెయ్యి తలమీదే ఉందట. అక్కడ ఆసుపత్రి వరండా ఈ చివర నుంచే, ఆ చివర కాచుకుని ఉన్న వనజాక్షికి ఎత్తి చూపించింది. వనజాక్షి పరుగున వచ్చి వాటేసుకోబోయి, కుట్లు గుర్తొచ్చి, భుజం మెల్లగా పట్టుకుని ఏడ్చేసిందట.

మిషన్ కింద పడుకోబెట్టాక అక్కడి అబ్బాయి చెప్పాడు. "చెయ్యి ఇట్లే ఉంచమ్మా. కొంచెం కూడా కదిలించొద్దు."

లక్ష్మక్కకు ఒళ్ళు మండింది. "దీన్ని కదిలించేకే ఇన్నాళ్ళూ సావు బతుకులైతిమి! ఇప్పుడు కదిలించొద్దంటావా?"

తలుపు బయటి నుంచి మారెప్ప గొంతు ఖంగుమంది. "నేను మొదట్నుంచీ అదే చెప్తాండా కదప్పా! ఎవురన్నా ఇంటే కదా!"