నలుగురూ ఒకే గీత మీద

మా బావమరిది జాతీయ జట్టు నుంచి ఎప్పుడు రిటైరవుతాడని నన్ను అడగనివాడంటూ లేడు. పేపరువాళ్ళు అడిగారు, టీవీవాళ్ళు అడిగారు, మా వీధి చివర క్షవరం చేసేవాడైతే నా గొంతు మీద కత్తి పెట్టి మరీ అడిగాడు. అందరికీ ఒకటే జవాబు చెప్పేవాణ్ని: "నాకేం తెలుసండీ, వీడియోలు కత్తిరించుకు బతికేవాణ్ని."

నా ఉద్యోగం నిజంగా అదే. దేశం తరఫున ఆడే ఫుట్‌బాల్ జట్టుకి వీడియోలు చూసిపెడతాను. ఎవరు ఎక్కడ పరిగెత్తారు, ఎక్కడ పరిగెత్తలేదు, గోల్ ఎందుకు పడింది అన్నవి ముక్కలు ముక్కలుగా కోసి కోచ్‌కి చూపించాలి. అంతకుముందు ఇదే జట్టులో రెండో గోల్‌కీపర్ని. మొదటి గోల్‌కీపర్ ఇనుప కడ్డీలాంటివాడు, ఒక్కనాడు జలుబు కూడా చెయ్యలేదు. దాంతో ఎనిమిదేళ్ళలో నేను కూర్చున్న బల్ల అరిగింది గానీ నా చేతితొడుగులు అరగలేదు. ఆ రోజుల్లోనే కెప్టెన్ అక్కని పెళ్ళి చేసుకున్నాను కాబట్టి ఆ ఎనిమిదేళ్ళూ వృథా అనలేను. ఆవిడ ఎదురుగా అస్సలు అనలేను.

కెప్టెన్ అంటే మా బావమరిదే. ముప్ఫై ఆరేళ్ళు. పధ్నాలుగేళ్ళుగా డిఫెన్సు మధ్యలో నిలబడి జట్టుని మోశాడు. ఆ పధ్నాలుగేళ్ళలో మా జట్టు ప్రపంచ స్థాయి పెద్ద టోర్నీకి ఒక్కసారీ వెళ్ళలేదు. రెండుసార్లు చివరి మ్యాచ్ దాకా వెళ్ళి బొక్కబోర్లా పడింది. ఇప్పుడు మూడోసారి. శనివారం మ్యాచ్ గెలిస్తే ఈ ఎండాకాలం ఆ టోర్నీకి వెళ్తాం. ఆ ఒక్కటీ ఆడి తప్పుకోవాలన్నది వాడి కోరిక. దానికోసమే మోకాళ్ళకి పట్టీలు చుట్టుకుని, తిండి సగం చేసుకుని, పిల్లల పుట్టినరోజులు ఫోన్లో చూసుకుని నెట్టుకొస్తున్నాడు.

పోయిన ఆదివారం మ్యాచ్‌లో రెండు గోల్స్ తిని ఓడిపోయాం. సోమవారం పొద్దున్నే కోచ్ నా గది తలుపు తోశాడు.

"బుధవారం మీటింగుకి ఆ రెండు గోల్స్ ఎందుకు పడ్డాయో చూపించాలి. తప్పెవరిదో నాకు తెలుసు. కెప్టెన్ కూడా అదే అన్నాడు. నాకు బొమ్మ కావాలి, అంతే."

తప్పు తూనీగదని కోచ్ ఉద్దేశం. తూనీగ అంటే మా జట్టులో కుడివైపు డిఫెండరు. ఇరవై రెండేళ్ళు, పుల్లలాంటి కాళ్ళు, గాలిలో తేలినట్టు పరిగెడతాడు. ఆ పేరు కెప్టెన్ పెట్టిందే. రెండు గోల్సూ అతని పక్క నుంచే పడ్డాయి. శనివారం అతన్ని పక్కనపెట్టాలని కోచ్ అప్పటికే నిర్ణయించుకున్నాడు.

నా గది స్టేడియం మెట్ల కింద ఉంటుంది. కిటికీ లేదు. రెండు తెరలు, ఒక కుర్చీ, బుద్ధి పుట్టినప్పుడే తిరిగే ఒక ఫ్యాను. మొదటి గోల్ పెట్టుకుని చూశాను.

మా డిఫెన్సు పద్ధతి ఒకటి చెప్పాలి. నలుగురు డిఫెండర్లూ ఒకే గీత మీద నిలబడతారు. అవతలివాడు బంతి తన్నబోయే క్షణాన కెప్టెన్ చెయ్యెత్తి అరుస్తాడు. నలుగురూ ఒక్కసారే ముందుకి జరగాలి. అప్పుడు అవతలి జట్టు ఆటగాడు వీళ్ళ వెనక మిగిలిపోతాడు, ఆఫ్‌సైడ్ అని జెండా లేస్తుంది. నలుగురిలో ఒక్కడు వెనకబడినా చాలు, ఆ ఆటగాడు ఆఫ్‌సైడ్ కాడు. జెండా లేవదు, గోల్ పడుతుంది.

వీడియోలో కెప్టెన్ చెయ్యి లేచింది. తూనీగ కదల్లేదు. బంతి అతని పక్కనుంచి పోయింది. కోచ్ చెప్పింది నిజమే అనుకుని కత్తిరించబోయాను. ఎందుకో ఆ ముక్కని ఇంకొంచెం వెనక్కి తిప్పి, మెల్లగా పెట్టాను. తూనీగ బంతిని చూడటం లేదు. కెప్టెన్ చేతినీ చూడటం లేదు. కెప్టెన్ కాళ్ళకేసి చూస్తున్నాడు. ఎడమవైపు వాడూ అటే చూస్తున్నాడు. కెప్టెన్ పక్కన నిలబడేవాడూ అంతే. చెయ్యి లేచాక ముగ్గురూ ఒక్క రెప్పపాటు ఆగి, కెప్టెన్ అడుగు పడ్డాక తమ అడుగు వేస్తున్నారు.

రెండో గోల్ కూడా అంతే. అంతకుముందు మ్యాచ్ తీశాను, దానికి ముందుది తీశాను. మధ్యాహ్నానికల్లా పదకొండు మ్యాచ్‌లలో కెప్టెన్ చెయ్యెత్తిన చోట్లన్నీ చూశాను. పదకొండింటిలోనూ ముగ్గురూ ఆగుతున్నారు.

సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక తూనీగని పట్టుకున్నాను. బూట్లకంటిన మట్టి గోడకేసి కొడుతున్నాడు.

"చెయ్యెత్తితే ఎందుకు కదల్లేదు?" అన్నాను.

"తప్పు నాదే అన్నా. ఇకమీద జాగ్రత్తగా ఉంటా."

"నాకు కథలు చెప్పకు. పదకొండు మ్యాచ్‌లు చూసొచ్చా. ముగ్గురూ కూడబలుక్కున్నారు కదూ?"

బూటు కింద పెట్టాడు. అటూ ఇటూ చూశాడు. "కెప్టెన్ అన్నకి చెప్పనని ఒట్టెయ్యి."

"ఒట్టూ లేదు గిట్టూ లేదు. చెప్పు ముందు."

"మేం ముందుకెళ్తే అన్న అందుకోలేకపోతున్నాడన్నా. ఒక్కడే వెనక మిగిలిపోతాడు. టీవీలో దేశమంతా చూస్తుంది. ఎలాగూ ఆఫ్‌సైడ్ దొరకదు కదా, మరి తప్పంతా ఆయనొక్కడి మీదే ఎందుకు పడాలి? నలుగురం పంచుకుందాం అనుకున్నాం." కింద పెట్టిన బూటు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "మొదటి రోజు నాకు బూట్లు లేకపోతే తనవి ఇచ్చాడన్నా. రెండు సైజులు పెద్దవి. ముందు గుడ్డలు కుక్కుకుని ఆడా."

"శనివారం నిన్ను పక్కన పెడుతున్నారు, తప్పు నీదని ఆయనా అన్నాడు. తెలుసా?"

తెలుసన్నట్టు తలూపాడు. అతని మీద కోపం తెచ్చుకోవాలని చూశాను గానీ రాలేదు.

ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ బల్ల మీద ఆన్సర్ పేపర్లు దిద్దుతోంది. స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఎర్రపెన్ను చేతిలో ఉన్నప్పుడు ఆవిడతో మాట్లాడటం నాకు కాస్త భయమే. అయినా అంతా చెప్పాను. తమ్ముడి విషయం కదా, ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ పెన్ను మూత పెట్టి, "మీటింగుకి ముందే వాడికి చూపించు," అంది.

"నేనా? పధ్నాలుగేళ్ళ కెప్టెన్‌కి, ఒక్క మ్యాచ్ కూడా ఆడనివాణ్ని, నీకు వయసైపోయిందని చెప్పాలా? ముందు నా పళ్ళు రాలగొడతాడు. ఆ తర్వాత నీ పుట్టింట్లో నాకు మంచినీళ్ళు కూడా పుట్టవు."

"వాడు బాధపడితే ఓదార్చడానికి నేనున్నా, వాడి పెళ్ళాం ఉంది. మరి ఆ తూనీగ పిల్లాణ్ని ఎవరు ఓదారుస్తారు?"

మారు మాట్లాడితే ఎర్రపెన్ను మూత మళ్ళీ ఊడుతుందని ఊరుకున్నాను.

బుధవారం ఎనిమిదింటికి వాణ్ని నా గదికి పిలిచాను. వచ్చి, ఉన్న ఒక్క కుర్చీలోనూ వాడే కూర్చున్నాడు. కూర్చునేటప్పుడు కుడికాలు చేత్తో పట్టుకుని వంచాడు. మంచి హుషారు మీద ఉన్నాడు.

"ఏం బావా, పొద్దున్నే సినిమా?"

నేను మొదలుపెట్టేలోపే వాడే ఎత్తుకున్నాడు. "తూనీగ గురించేగా? ఆటుంది బావా వాడి దగ్గర, కానీ బుర్ర పెట్టడం లేదు. చెయ్యెత్తితే కదలాలని ఎన్నిసార్లు చెప్పా! వాడొక్కడే కాదు, ముగ్గురూ అంతే. అందరూ నన్ను ఎప్పుడు దిగిపోతావని అడుగుతున్నారు. ఈ పిల్లల చేతుల్లో పెట్టేసి ఎలా దిగిపోను? గీత మీద నిలబడటం వీళ్ళకి వచ్చిన రోజున చూడు, ఎవరూ అడక్కముందే నేనే పోతా."

వాడు ఆ మాట మనస్ఫూర్తిగా అన్నాడు. వీళ్ళకి రావడం లేదని వాడు ఉండిపోతున్నాడు. వాడున్నాడని వీళ్ళు ఆగిపోతున్నారు. నేను మీట నొక్కాను.

మొదటి గోల్ చూశాడు. "చూశావా? కదల్లేదు," అన్నాడు. వెనక్కి తిప్పి మెల్లగా పెట్టాను. "చూపులు చూడు," అన్నాను. రెండో గోల్ పెట్టాను. ఆ తర్వాత అంతకుముందు మ్యాచ్ పెట్టాను. నాలుగో ముక్కకి వాడు ముందుకి వంగాడు. ఆరో ముక్కకి కుర్చీ చప్పుడు కూడా ఆగిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పదకొండు మ్యాచ్‌లు."

"అందరికీ తెలుసా?"

"ముగ్గురికీ తెలుసు. కోచ్‌కి తెలీదు."

లేచి నిలబడ్డాడు. మొహం జేవురించింది. "నా మీద జాలా? బొడ్డూడని వెధవలకి నా మీద జాలా? నువ్వు కూడా, బావా! బల్ల మీద కూర్చుని చూసినవాడివి, నీకేం తెలుసు పరిగెత్తడం అంటే?"

ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. తగలదని అబద్ధం చెప్పను. కానీ నిజం చెప్పి తిట్లు తినడం చెప్పకుండా ఊరుకోవడం కన్నా తేలికగానే అనిపించింది. వాడు మళ్ళీ తెరకేసి తిరిగి అడిగాడు.

"మూడేళ్ళ క్రితంది ఏదైనా ఉందా? గీత సరిగ్గా వెళ్ళింది?"

వెతికి పెట్టాను. చెయ్యి లేచింది. నలుగురూ ఒక్క అడుగుగా ముందుకొచ్చారు. జెండా లేచింది. ఇంకోసారి పెట్టమన్నాడు. పెట్టాను. మూడోసారి అడగకుండా బయటికి వెళ్ళిపోయాడు.

మీటింగు తర్వాత పెట్టుకుందాం, ముందు గ్రౌండ్‌లోకి పదండని కోచ్‌తో చెప్పింది వాడే. నేనూ వెనకే వెళ్ళాను. కెమెరా పట్టుకోవాలి కదా. తూనీగ నన్ను చూసిన చూపు చూస్తే నా మీద ఎంత కోపంగా ఉన్నాడో తెలిసింది.

కెప్టెన్ ముగ్గురినీ గీత మీద నిలబెట్టి, తన చోట్లో తను నిలబడ్డాడు. ఎదురుగా బంతి తన్నడానికి ఒకణ్ని, మధ్యలోంచి దూసుకెళ్ళడానికి ఒకణ్ని పెట్టాడు. చెయ్యెత్తాడు. ముగ్గురూ అలవాటు ప్రకారం ఆగారు.

"ఆపండి," అన్నాడు. గొంతు పెద్దగా లేదు. "తూనీగా, నేను చెయ్యెత్తితే నీ కళ్ళు ఎక్కడుంటున్నాయి?"

తూనీగ తల దించుకున్నాడు. జవాబు కూడా కెప్టెనే చెప్పాడు.

"నా కాళ్ళ మీద. వాటిని చూసుకోవడానికి డాక్టరున్నాడురా. నువ్వు బంతిని చూడు. ఈసారి ఎవడైనా నా కోసం ఆగాడో, శనివారమే కాదు, ఈ జన్మలో వాడితో మాట్లాడను."

మళ్ళీ చెయ్యెత్తాడు. ఈసారి ముగ్గురూ వెళ్ళారు. కెప్టెన్ కూడా ఊరికే వదిలేయలేదు. నేను కెమెరాలోంచి దగ్గరగా చూశాను కాబట్టి చెబుతున్నాను. పళ్ళు బిగించి, మెడనరాలు తేలి, ఉన్న శక్తంతా పెట్టి ముందుకి అంగలేశాడు. అయినా మూడడుగులు వెనకే మిగిలిపోయాడు. దూసుకొచ్చినవాడు వాడి పక్కనుంచి వెళ్ళి తీరుబడిగా గోల్ కొట్టాడు. గ్రౌండ్‌లో అందరూ చూశారు, నీళ్ళ సీసాలు తెచ్చే ఆవిడ కూడా చూసింది.

"ఇంకోసారి," అన్నాడు.

మూడడుగులే. ఇంకోసారి అన్నాడు. నాలుగడుగులు. నడుం మీద చేతులు పెట్టుకుని, ముందున్న ముగ్గురినీ చూస్తూ నిలబడిపోయాడు. ఆ ముగ్గురూ తాడు కట్టి లాగినట్టు ఒకే గీత మీద ఉన్నారు. అంత చక్కటి గీత పదకొండు మ్యాచ్‌లలో నేను చూడలేదు.

తూనీగ ఉండబట్టలేక వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. "సారీ అన్నా," అన్నాడు. ఏడుస్తున్నాడు. ఆ సమయానికి నేనూ ఏడుస్తున్నాను, ఆ రోజు తీసిన వీడియో అంతా అందుకే వణికింది.

కెప్టెన్ కోచ్‌కేసి తిరిగాడు. "వీడు శనివారం ఆడాలి సార్. నేను ఆడను. శనివారమే కాదు, టోర్నీకి వెళ్తే అక్కడా ఆడను. పేపరువాళ్ళకి సాయంత్రం నేనే చెప్పుకుంటా." పధ్నాలుగేళ్ళు ఎదురుచూసిన దాన్ని రెండు ముక్కల్లో తేల్చేశాడు. కోచ్ తలూపాడు.

బయట ఒళ్ళు కాచుకుంటున్న రిజర్వు డిఫెండర్ని వాడే చెయ్యూపి పిలిచాడు. భుజాలు పట్టుకుని తన చోట్లో నిలబెట్టాడు.

"గట్టిగా అరవాలి," అన్నాడు అతనితో. "వీళ్ళకి చెవుడేం లేదు. నా మీద ప్రేమ ఎక్కువైంది, అంతే."

తూనీగ ఇంకా అక్కడే కళ్ళు తుడుచుకుంటూ ఉన్నాడు. కెప్టెన్ అతని వీపు మీద ఒక్కటి చరిచాడు.

"వెనక్కి ఎవడు రమ్మన్నాడురా నిన్ను? పో. పోయి ముందు నిలబడు."