బొటనవేలు పెట్టాల్సిన చోటు

"చేతులు కడుక్కున్నావా?"

టీ గ్లాసు అందించిన ప్రతిసారీ మా ఆయన అడిగే మాట ఇది. అడిగి ఊరుకోడు, గ్లాసు అందుకునే ముందు నా గోళ్ళ వంక ఓ చూపు పారేస్తాడు. గోళ్ళ సందుల్లో తెల్లటి పొడి ఎప్పుడూ కాస్త మిగిలే ఉంటుంది. నేను ఆస్పత్రిలో ప్లాస్టరు కట్లు వేస్తాను. ఎంత తోమినా ఆ తెలుపు పూర్తిగా వదలదు. ఇరవై రెండేళ్ళుగా "కడుక్కున్నానండీ" అని చెబుతూనే ఉన్నాను. ఇవే చేతులు తరిగిన కూరల మీద, ఉతికిన దుప్పట్ల మీద, ఇస్త్రీ చేసిన చొక్కాల మీద మాత్రం ఆయనకి ఏ అనుమానమూ రాదు.

మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ "పసిపిల్లల కాళ్ళు విరిచే చేతులు, ఏం పాపమో ఏమో" అని నేను వడ్డించినప్పుడల్లా గొణిగేది. గొణుగుతూనే రెండోసారి పెట్టించుకునేది. మా ఆయన స్నేహితులొస్తే నా ఉద్యోగం వాళ్ళకి మంచి కాలక్షేపం. "మా ఆవిడది కాళ్ళు పట్టుకునే ఉద్యోగం" అంటాడు. అందరూ పగలబడి నవ్వుతారు. ట్రే పట్టుకుని నిలబడి నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే వాళ్ళ నవ్వు కంటే నా నవ్వు మీదే ఎక్కువ ఒళ్ళు మండుతుంది.

మేం కాళ్ళు విరవం. ఆ సంగతి ముందు చెప్పాలి. కొంతమంది పిల్లలు పాదం లోపలికి మెలితిరిగి పుడతారు. అరికాలు నేల వంక కాకుండా రెండో కాలి వంక చూస్తుంటుంది. పుట్టిన కొద్ది వారాల్లో తీసుకొస్తే చేతులతోనే చాలావరకు సరిచేయొచ్చు. బిడ్డ పాలు తాగుతుండగా, పాదం ఒప్పుకున్నంత మేరకే మెత్తగా బయటికి తిప్పి, దూది చుట్టి, వేళ్ళ దగ్గర్నుంచి తొడ దాకా ప్లాస్టరు వేస్తాం. వారం తర్వాత నానబెట్టి విప్పి, ఇంకొంచెం తిప్పి, మళ్ళీ కట్టు. ఐదారు కట్లకి పాదం దారికొస్తుంది. కిటుకంతా బొటనవేలు పెట్టే చోట ఉంది. చీలమండ బయటి ఎముకకి కాస్త ముందు, చర్మం కింద, బఠాణీ గింజంత బుడిపె తగులుతుంది. ఒక బొటనవేలు దాని మీద ఆనించి, రెండో చేత్తో పాదం ముందు భాగాన్ని తిప్పాలి. మడమని ముట్టుకోనే కూడదు, అది తనంతట తనే వెనకాల వస్తుంది. అదే చిటికెన వేలి గోరంత ముందుకి జరిగి నొక్కామా, మడమకి దారి మూసుకుపోతుంది. పైకి పాదం తిన్నగా అవుతున్నట్టే ఉంటుంది, మడమ మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది.

ఇదంతా పెద్ద డాక్టరుగారు నాకు నేర్పారు. నన్ను కళ్ళు మూసుకోమని, పసిపాదం చేతిలో పెట్టి, "చూడకు, వెతుకు" అనేవారు. చివరి ఆరేళ్ళూ ఆయన చేతులు వణికేవి. పాదం నేను పట్టుకునేదాన్ని, ఆయన పక్కన నిలబడేవారు. రికార్డులో "కట్టు వేసినవారు" అన్న గడిలో ఆయన పేరే ఉండేది. అప్పట్లో నాకది తప్పనిపించలేదు. ఆయన రిటైరైన రోజు సభ పెట్టారు. ఒక్కొక్కరి పనినీ మెచ్చుకుంటూ నా దాకా వచ్చి, "ఈమె చేతి టీ లేకపోతే ఇన్నేళ్ళు పనిచేయగలిగేవాణ్ణి కాదు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. మంచి మనిషి, నా మీద అభిమానం ఉన్న మనిషి. ఆయనకి కూడా నేను పట్టుకున్న వందల పాదాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. ఇంటికొచ్చి గిన్నెలు తోముతూ ఏడ్చాను. "రిటైరైంది ఆయన, మధ్యలో నీకెందుకు ఏడుపు?" అన్నాడు మా ఆయన.

కొత్త డాక్టరుకి ముప్ఫై దాటి ఉండవు. చెడ్డవాడేం కాదు, తొందర మనిషి. వచ్చిన రోజే మా గదిలో పద్ధతి మార్చేశాడు. పాదం ఆయన పట్టుకుంటాడు, నేను చుట్టాలి. పదకొండు కొట్టగానే "అమ్మా, టీ" అంటాడు.

ఆయన మొదటి కట్టు నుంచీ చూసిన తొలి బిడ్డ, కుట్టుమిషనమ్మాయి కూతురు. పద్దెనిమిది రోజుల పిల్లని తీసుకొచ్చారు, కుడి పాదం మెలి. తల్లికి ఇరవై మూడేళ్ళుంటాయి. ఇంట్లో బట్టలు కుడుతుంది కాబట్టి మా గదిలో ఆమెకి ఆ పేరు పడింది. పడేలా చేసింది వాళ్ళ అత్తగారే. "మా ఇంటావంటా లేదమ్మా ఇది. కడుపుతో ఉండి మిషను తొక్కొద్దే అంటే విన్నదా? తొమ్మిదో నెల దాకా తొక్కింది. తల్లి కాలు ఎలా ఆడితే పిల్ల కాలు అలా తిరిగింది. పుట్టిన రోజే ఆ మిషను అటకెక్కించేశాను" అని మొదటి రోజే నాతో చెప్పింది, కోడలు వింటుండగానే. ఆ అమ్మాయి తల దించుకుని పాపకి పాలిస్తోంది.

"మిషను తొక్కితే పాదాలు వంకరపోయేట్టయితే దర్జీల ఇళ్ళలో ఒక్క పిల్లా నడవదు" అన్నాను నేను.

అమ్మాయి తలెత్తి ఇంత నవ్వింది. అత్తగారు ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేసింది.

మొదటి రెండు కట్లూ బాగానే పడ్డాయి. మూడో కట్టప్పుడు చూశాను, డాక్టరు బొటనవేలు ముందుకి జారి ఉంది. చిటికెన వేలి గోరంతే. "సార్, వేలు కొంచెం వెనక్కి..." అన్నాను. ఆయన తలెత్తలేదు. "అమ్మా, నువ్వు చుట్టు. ఎముకల సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు. పక్కన నిలబడ్డ ఇద్దరు విద్యార్థులు నవ్వాపుకున్నారు. నేను చుట్టాను.

ఆ సాయంత్రం మా ఆయనకి చెబితే, "చదువుకున్నవాడు ఆయన. చెప్పింది చెయ్యి, ఇంటికి రా. నీ మొండితనం అక్కడ కూడా చూపించకు" అన్నాడు. నాలుగో కట్టు పడింది, ఐదో కట్టు పడింది. రెండుసార్లూ ఆ వేలు అక్కడే ఉంది. రెండుసార్లూ నేను నోరు మూసుకుని చుట్టాను. నేను చుట్టిన కట్టు జారదు, వదులవదు. ఇన్నేళ్ళ నా పనితనమంతా ఒక పొరపాటుని కదలకుండా పట్టి ఉంచడానికి పనికొచ్చింది. ఆ రెండు వారాలూ నాకు ముద్ద దిగలేదు. ఎవరూ గమనించలేదు, ఎందుకంటే వాళ్ళ ముద్దలు వేళకి దిగుతూనే ఉన్నాయి.

ఆ తర్వాతి సోమవారం ఐదో కట్టు విప్పాం. ముందు భాగం తిన్నగా ఉంది, మడమ లోపలికే ఉంది. డాక్టరు అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు. "మొండి పాదం ఇది. ప్లాస్టరుకి లొంగదు. వెనకా పక్కా కోసి సరిచేద్దాం, పెద్ద ఆపరేషనే" అని కాగితం తీశాడు.

"నడుస్తుందా సార్?" అంది కుట్టుమిషనమ్మాయి.

"నడుస్తుంది. పాదం కాస్త బిగుసుకుపోయి ఉంటుంది, అంతే."

"మిషను తొక్కిన పుణ్యం ఊరికే పోతుందా" అంది అత్తగారు గోడ వంక చూస్తూ.

డాక్టరు సంతకానికి కాగితం అమ్మాయి ముందుకి తోసి, నా వంక తిరిగాడు. "ఉన్నది ఉన్నట్టు చుట్టి పంపించెయ్యమ్మా."

మొండి. ఆ మాట నాకు కొత్త కాదు, ఇంట్లో నా రెండో పేరు అదే. నొక్కినట్టు తిరగనిదానికల్లా ఆ పేరు పెట్టేస్తారు. నొక్కినవాళ్ళు తమ వేలు ఎక్కడుందో ఒక్కసారి చూసుకోరు. చేతులు తుడుచుకుని, ప్లాస్టరు చుట్ట తీసుకోకుండా, పాప పాదం పట్టుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. బుడిపె దొరికింది. వేలు ఆనించి ముందు భాగం మెల్లగా తిప్పాను. కింద మడమ కదిలింది, కొంచెమే, అయినా కదిలింది.

"సార్, నేను పట్టుకుంటాను. మీరు చుట్టండి."

గదిలో అందరూ ఒక్కసారి నా వంక తిరిగారు. "ఏంటమ్మా?" అన్నాడు డాక్టరు.

"ఈ పాదం మొండిది కాదు సార్. మూడో కట్టు నుంచీ వేలు తప్పు చోట పడుతోంది." ఆయన మొహం కందగడ్డలా అయింది. నేను ఆగలేదు. అమ్మాయి వంక తిరిగాను. "చూడమ్మా, పాప కాలు ఇలా పుట్టడం ఎవరి తప్పూ కాదు. ఇలా ఆగిపోవడం మా తప్పు. ఒకసారి చెప్పి ఊరుకున్నాను, తర్వాత రెండు వారాలు నోరు మూసుకున్నాను. అందులో నా వంతు నేను ఒప్పుకుంటున్నాను. ఇంకో మూడు కట్లు సరిగ్గా పడితే పెద్ద ఆపరేషన్ అక్కర్లేదని నా నమ్మకం."

"నువ్వు డాక్టరువా?" అన్నాడు ఆయన.

"కాదు సార్."

"పాడైతే బాధ్యత ఎవరిది?"

"నాది. రాసిస్తాను."

అత్తగారు లేచింది. "ఎదురుగా డాక్టరుబాబు ఉంటే ఈవిడ చేత చేయించడమేంటి? పెట్టవే సంతకం."

కుట్టుమిషనమ్మాయి కాగితం వంక చూసింది, పాప వంక చూసింది. నాకు తెలిసి ఆ ఇంట్లో ఆమె మొదటిసారి కాదన్నది అప్పుడే అయి ఉండాలి. "సంతకం నాది కదత్తయ్యా. ఇప్పుడే పెట్టను. అమ్మా, మీరే పట్టుకోండి."

డాక్టరు కావాలంటే గది వదిలి వెళ్ళిపోవచ్చు, కానీ విద్యార్థులు చూస్తున్నారు. ఆయన కూడా పాదం వంక చూస్తున్నాడు, నా వేలి కింద మడమ కదలడం ఆయనకీ కనబడింది. "ఒక్క వారం" అన్నాడు చివరికి. "వచ్చే సోమవారానికి మార్పు లేకపోతే ఆపరేషన్. నువ్వు మళ్ళీ ఈ గదిలోకి రావు."

"సరే సార్. దూది ముందు."

ఆయనకి చుట్టడం రాదు. నీళ్ళు పిండకుండానే చుట్ట తీశాడు, బూట్ల మీదంతా కారింది. "అంచులు సమానంగా రానివ్వండి సార్. వేళ్ళు కనబడాలి. లాగకండి, దొర్లించండి" అని చెబుతూ పోయాను. అబద్ధమెందుకు, నాకు చాలా హాయిగా ఉంది. ప్లాస్టరు గట్టిపడే దాకా నా వేలు అక్కడే ఉంది.

తర్వాత రికార్డు తీశాను. నాలుగో కట్టు పక్కన, ఐదో కట్టు పక్కన "వేలు తప్పు చోట ఉంది, తెలిసే చుట్టాను" అని రాసి నా పేరు పెట్టాను. ఆరో కట్టు దగ్గర "కట్టు వేసినవారు" గడిలో మళ్ళీ నా పేరే రాశాను. ఇన్నేళ్ళలో ఆ కాగితాల్లో నా పేరు మొదట పడింది నా తప్పు పక్కన. అయినా సరే, నాదే కదా.

"పేరెందుకు రాశావ్?" అన్నాడు మా ఆయన, సంగతి విని. "రేపేదైనా అయితే నిన్నే నిలదీస్తారు."

"బాగైతే?"

"ఉద్యోగం పోతే ఇంట్లో కూర్చుని ఏం చేస్తావ్?" అన్నాడు.

"ఇంట్లో నేనెప్పుడు కూర్చున్నాను?" అన్నాను.

ఆ వారం ఎలా గడిచిందో నాకే తెలుసు. కూర తరుగుతున్నా, బట్టలు పిండుతున్నా నా బొటనవేలు ఆ బుడిపె కోసం వెతుక్కుంటూనే ఉంది. కళ్ళు మూసుకుని నేను పట్టుకున్నదే తప్పయితే? ఉద్యోగం సంగతి అలా ఉంచండి, ఆ పిల్ల మొహం ఎలా చూడటం?

సోమవారం టబ్బులో నానబెట్టి నేనే విప్పాను. డాక్టరు పక్కనే నిలబడ్డాడు. మెత్తబడ్డ ప్లాస్టరు ఊడి వచ్చింది, దూది వచ్చింది, ముడతలు పడ్డ చిన్న పాదం బయటపడింది. మడమ బయటికి తిరిగింది. పూర్తిగా కాదు, సగం దూరం. ఎవరూ చెప్పక్కర్లేకుండా కనబడేంత. కుట్టుమిషనమ్మాయి ఏడ్చేసింది. నా కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి, చేతులు ఖాళీ లేక తుడుచుకోలేదు.

డాక్టరు ఆపరేషన్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఎక్కడ పెట్టావ్ వేలు?" అన్నాడు. వెంటనే మాట మార్చి, "ఎక్కడ పెట్టారు, చూపించండి" అన్నాడు.

ఆయన చెయ్యి పట్టుకుని పాదం మీద పెట్టాను. "కళ్ళు మూసుకోండి సార్. చూడకండి, వెతకండి." మూడోసారికి దొరికింది ఆయనకి.

ఇంకా చాలా ఉంది. మరో రెండు కట్లు, మడమ వెనక బిగుసుకున్న స్నాయువు మీద ఒక చిన్న గాటు, ఆ తర్వాత కడ్డీకి బిగించిన బూట్లు, నాలుగేళ్ళ పాటు. అన్నీ దాచకుండా ఆ అమ్మాయికి చెప్పాను. శ్రద్ధగా విని, పాపని భుజాన వేసుకుని, గుమ్మం దగ్గర అత్తగారితో అంది. "ఇంటికెళ్ళగానే మిషను దింపించండత్తయ్యా."

సాయంత్రం ఇంటికొచ్చి టీ పెట్టాను. మా ఆయన కుర్చీలోంచి, అలవాటుగా, తల తిప్పకుండానే అడిగాడు.

"చేతులు కడుక్కున్నావా?"

"లేదు" అన్నాను.

ఇప్పుడు తల తిప్పాడు. నా గోళ్ళ నిండా తెలుపు ఉంది, ముంజేతి మీద ఒక చార కూడా ఎండి ఉంది. నా గ్లాసు నేను పట్టుకుని ఆయన ఎదుటి కుర్చీలో కూర్చున్నాను. "టీ పొయ్యి మీద ఉంది. మీ చేతులు శుభ్రంగానే ఉంటాయిగా, పోసుకోండి."

ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళాడు. ఒక అల్మారా తెరిచిన చప్పుడైంది. ఇంకోటి తెరిచిన చప్పుడైంది. గిన్నెలేవో పక్కకి జరిగాయి. తర్వాత గొంతు వినిపించింది.

"గ్లాసులు ఎక్కడుంటాయి?"

ఇరవై రెండేళ్ళుగా ఉంటున్న ఇల్లు.

"వెతకండి" అన్నాను.