త్యాగరాజు గారి యుగోస్లావియా

కెనడాలోని గ్వెల్ఫ్ తెలుగు సంఘం చీలిపోయేలా ఉందన్న సంగతి అందరికంటే ముందు వంటింటికే తెలిసింది. రాబోయే ఉగాది విందుకు పప్పుచారా, పచ్చిపులుసా అని మొదలైన మాట, అధ్యక్షుడు జనార్ధనరావు గారు ఏ ప్రాంతం మనిషి అనే దాకా వెళ్లింది.

వాసంతికి చారు గొడవ పట్టలేదు. ఆమెది తెనాలి, శాంతమ్మది జగిత్యాల. ఏళ్ల తరబడి ఇద్దరూ సంఘం పండగలకు ఒకే పొయ్యి దగ్గర నిలబడి, ఊళ్లో వాళ్లందరినీ ఆడిపోసుకుంటూ వండుతున్నారు. ఈ మంచుదేశంలో వాసంతికి మిగిలిన సుఖం అదొక్కటే. సంఘం చీలితే ఆ పొయ్యీ చీలుతుంది.

"బెంగపడకు, నేను ఆపుతాగా," అన్నాడు భర్త త్యాగరాజు.

ఆయన యూనివర్సిటీలో జాగ్రఫీ చెప్పి రిటైరయ్యాడు. ఇప్పుడు ఆయనకు మిగిలిన విద్యార్థి వాసంతి ఒక్కతే. ఆమె చిక్కుళ్లు ఒలుస్తూ వింటుంది, చిక్కుళ్లు అయిపోగానే క్లాసు అయిపోతుంది. జనరల్ బాడీ మీటింగులో ఓటింగుకు ముందు యుగోస్లావియా మీద మాట్లాడతాననీ, విడిపోతే ఏమవుతుందో కళ్లకు కట్టిస్తాననీ ఆయన ప్రకటించాడు.

"ఏమండీ, మనవాళ్లు పాఠం వింటే భయపడరు, నోట్స్ రాసుకుంటారు," అంది వాసంతి.

ఆయన వినలేదు. మీటింగు రోజున తెర మీద మ్యాపు వెలిగింది. "ఆరు రిపబ్లిక్కులు. స్లొవేనియా, క్రొయేషియా, బోస్నియా, సెర్బియా, మోంటెనెగ్రో, మాసిడోనియా. సెర్బియాలో మళ్లీ స్వయంప్రతిపత్తి ఉన్న ప్రాంతాలు రెండు. తొంభై ఒకటిలో ఊడటం మొదలైంది. ఆ యుద్ధాల్లో లక్షమందికి పైగా పోయారు." మోస్తార్‌లో కూలిపోయిన పాత వంతెన ఫోటో చూపించాడు. హాల్లో చప్పుడు ఆగిపోయింది. పరవాలేదే, మా ఆయన నెగ్గేలా ఉన్నాడు అనుకుంది వాసంతి.

అప్పుడు అనంతపురం గోపీకృష్ణ చెయ్యెత్తాడు. "సార్, ఆ స్వయంప్రతిపత్తి అన్నారే, దానికి ఎట్ల అప్లై చేయాల?"

హాలంతా సర్దుకుని కూర్చుంది. జనార్ధనరావు గారు గొంతు సవరించుకున్నారు. "ప్రొఫెసర్ గారూ, విడిపోయాక పాత పేరు ఎవరికొస్తుందండీ?"

ఎన్నాళ్లకో ఒక ప్రశ్న దొరికిన మాస్టారికి ఇంక ఒళ్లు తెలియలేదు. "మంచి ప్రశ్న! మాసిడోనియా అన్న పేరు మీద గ్రీసు పాతికేళ్లకు పైగా తగువాడింది. చివరికి ఉత్తర మాసిడోనియా అని సర్దుకున్నారు."

వెనక వరసలోంచి వాసంతి చాలు చాలని చెయ్యి ఊపింది. వినపడటం లేదేమో అనుకుని ఆయన గొంతు పెంచాడు. క్రొయేషియా తీరం మధ్యలోంచి బోస్నియాకు సముద్రం దాకా సన్నటి దారి ఎలా ఉందో వేలితో గీసి మరీ చూపించాడు.

"అంటే హాలు ఎవరిదైనా, వంటింట్లోకి మాకూ ఒక దారి ఉండాల!" అన్నాడు గోపీకృష్ణ.

ఓటింగు చకచకా అయిపోయింది. జనార్ధనరావు గారి చేతిలోనే మిగిలిన గ్వెల్ఫ్ తెలుగు సంఘం ఒకటి. శాంతమ్మ వాళ్ల ఉత్తర గ్వెల్ఫ్ తెలుగు సంఘం ఇంకొకటి. దాని సభ్యులు చాలామంది ఉండేది ఊరికి దక్షిణాన. మూడోది గోపీకృష్ణ అధ్యక్షతన నాలుగు కుటుంబాల రాయలసీమ స్వయంప్రతిపత్తి విభాగం. మూడు సంఘాలూ త్యాగరాజు గారికి విడివిడిగా శాలువాలు కప్పాయి.

ఉగాది ముందురోజు శాంతమ్మ ఫోన్ చేసింది. "వాసంతక్కా, మావోళ్లు పచ్చడి నన్నే చెయ్యమంటున్నరు. మామిడికాయలేమో నీ దగ్గరున్నయ్."

"వేపపువ్వేమో నీ ఫ్రీజర్లో ఉంది. నాతో మాట్లాడొద్దని చెప్పలేదూ మీవాళ్లు?"

"మాట్లాడొద్దన్నరు. వండొద్దనలే."

ఈలోగా వంటింటి పక్క తలుపు దగ్గర గోపీకృష్ణ నసుగుతూ నిలబడ్డాడు. "అక్కా, మాకు వండేవాళ్లు లేరు."

"రా నాయనా, నీ బోస్నియా దారి అదేగా."

మర్నాడు పొద్దున్నే వాసంతి ఇంట్లో ఒకే గుండిగలో పచ్చడి కలిసింది. చిక్కగా ఉన్నది ఒక గిన్నెలో పోశారు. నీళ్లు కలిపి తాగేలా చేసింది ఇంకో దాంట్లో. చిటికెడు కారం ఎక్కువేసింది మూడో దాంట్లో. ఒక్కో రిపబ్లిక్కుకూ ఒక్కో మూత. ఆ పూట ఇద్దరూ ఆడిపోసుకోవడానికి మూడు కార్యవర్గాలు దొరికాయి. అంత తృప్తిగా ఎప్పుడూ వండలేదు.

హాల్లో జనార్ధనరావు గారు లొట్టలేశారు. "చూశారా, మన పచ్చడి రుచే వేరు. వాళ్లది వట్టి నీళ్లట!"

వాసంతి వినయంగా తల ఊపింది.

ఇంటికొచ్చాక త్యాగరాజు దిగులుగా మ్యాపు చుట్టాడు. "నా పాఠం సరిగ్గా ఎక్కలేదు వాసంతీ. ఇంకా పెద్ద ఉదాహరణ కావాలి. వచ్చే మీటింగులో సోవియట్ యూనియన్ చెబుతాను. పదిహేను రిపబ్లిక్కులు."

వాసంతి ఫోన్ అందుకుంది.

"శాంతమ్మా, మీ ఇంట్లో మూతలున్న గిన్నెలు ఎన్ని ఉన్నాయే?"