గాలి చొరని జాడీ

నేను ఒక గాలి చొరని జాడీని. ఊరగాయలు పెట్టుకునే రకం కాదు. అంబాలాలోని ఒక వర్క్‌షాపులో, గాజులా కనిపించే మందపాటి ప్లాస్టిక్‌తో నన్ను పోతపోసి, మూతకు రబ్బరు చుట్టు వేసి, పైన ఇనుప బిగింపు అమర్చారు. గాలి తగిలితే చచ్చిపోయే సూక్ష్మజీవులు కొన్ని ఉన్నాయి. వాటిని పెంచే పళ్ళేలను నాలో పేర్చి, ప్రాణవాయువును పీల్చేసే చిన్న పొట్లం ఒకటి పడేసి మూత బిగిస్తారు. మీకు ఊపిరాడని చోటే వాటికి కాపురం.

మొదట ఒక పెద్దాసుపత్రిలో పనిచేశాను. మనుషుల పుండ్ల చీము ఎంత మోసినా అక్కడ ఎవరూ మొహం చిట్లించలేదు. కొత్త యంత్రాలు రాగానే నన్ను పశువైద్య కళాశాలకు ఇచ్చేశారు. ఇక్కడ పంది పెంట మోయడం మొదలుపెట్టాక, నన్నుంచిన బల్ల దగ్గరికి రావడమే మానేశారు కొందరు. వచ్చేది కుముదిని ఒక్కతే. పందులకు నెత్తుటి విరేచనాలు తెచ్చే సూక్ష్మజీవి మీద ఆమె పరిశోధన. ఏ మందుకు అది లొంగుతోందో, దేనికి లొంగడం మానేసిందో తేల్చాలని ఆమె తాపత్రయం.

అలా నన్ను చంకన పెట్టుకుని ఒకరోజు అంకమ్మ దొడ్డికి వెళ్ళింది. అంకమ్మది పట్నం చివర, మురుగు కాలవ పక్కన పందుల పెంపకం. హోటళ్ళలో మిగిలిన అన్నం తెచ్చి మేపుతుంది. ఆ వేళ పందులు డొక్కలు లోపలికి పోయి, గోడవారగా తలలు వేలాడేసుకుని నిలబడ్డాయి. నేలంతా నెత్తురూ జిగురూ.

"మొదట్లో షాపులో ఇచ్చిన పొడి కలిపితే రెండు పూటల్లో లేచి తిరిగేయండీ. ఇప్పుడు ఎంత పోసినా నెత్తురే పడతంది" అంది అంకమ్మ. తర్వాత నావైపు చూసింది. "అందులో ఏం చేస్తారమ్మా?"

"ఈ రోగం తెచ్చే పురుగును పెంచుతానమ్మా."

"ఉన్నయి చాలవా, మళ్ళీ పెంచుతారా?"

కుముదినికి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. "పెంచితేనే దేనికి చస్తుందో తెలుస్తుంది. నేను చెప్పేదాకా ఒక్క పందినీ అమ్మకండి. కొన్నవాళ్ళ దొడ్లోకి కూడా పోతుంది."

"చచ్చేదాన్ని చూస్తా కూకోమంటారు" అని అంకమ్మ గొణిగింది. అయినా ఆ సాయంత్రం వచ్చిన బేరగాణ్ణి వెనక్కి పంపేసిందట.

ఆ పెంట పూసిన పళ్ళేలు నాలో పేర్చి, పంది ఒంటి వేడికన్నా కాస్త ఎక్కువ వేడిలో నన్ను ఉంచారు. రోజులు గడిచాయి. మూత తీసేసరికి నెత్తురు కలిపిన పళ్ళేల మీద సన్నటి పొర, దాని చుట్టూ నెత్తురు కరిగిపోయిన తెల్లని మచ్చలు. సూక్ష్మదర్శినిలో మెలికలు తిరుగుతున్న ఆ జీవిని చూసి కుముదిని చప్పట్లు కొట్టింది. దొడ్లో ఏడుపు తెచ్చిందే ఇక్కడ సంబరం తెచ్చింది. మనుషుల చదువు అలాంటిది. ఆమె మరుక్షణమే సిగ్గుపడి చేతులు దించుకుంది.

షాపు పొడి కలిపిన పళ్ళెంలో అది హాయిగా పెరిగింది. మరో మందు కలిపిన దాంట్లో మొలవలేదు. ఆ మందు పడ్డాక అంకమ్మ పందులు చాలావరకు తేరుకున్నాయి. అంకమ్మ కళాశాలదాకా వచ్చి, కుముదిని రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. పరిశోధన పత్రం కూడా అచ్చయింది.

మళ్ళీ వానాకాలానికి అదే దొడ్లో నెత్తురు పడింది. ఈసారి రెండో మందు కలిపిన పళ్ళెంలోనూ పొర దట్టంగా కమ్ముకుంది. కుముదిని దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత నన్ను తీసుకుని దొడ్డికి వెళ్ళింది.

"అమ్మా, ఆ మందు ఆపమన్నప్పుడు ఆపారా?"

"ఎందుకు ఆపుతానమ్మా? మళ్ళీ రాకండా రోజూ చిటికెడు కుడితిలో కలుపుతానే ఉన్నా. మంచి మందని మావాళ్ళందరికీ చెప్పా. వాళ్ళూ వాడతన్నారు."

కుముదిని కుడితి తొట్టిలోకి వంగి చూసింది.

"ఏందమ్మా? నేనేమన్నా తప్పు చేశానా?"

"ఆపమన్నాను గానీ ఎందుకో చెప్పలేదమ్మా. చిటికెడు చిటికెడు వేస్తే చావదు, అలవాటు పడిపోతుంది. ఇప్పుడు దానికీ లొంగడం లేదు."

అంకమ్మ కుడితి తొట్టి అంచుమీద కూలబడింది. "మరి ఇంకో మందు?"

"దొడ్డి ఖాళీ చెయ్యడమే మందు."

అంకమ్మ గొంతు లేచింది. "పుట్టి బుద్ధెరిగినకాడినించి నా దొడ్డి ఖాళీగా లేదమ్మా! ఆ నల్లచుక్కదాన్ని చూడండి, దాని తల్లి చస్తే సీసాతో పాలు పట్టి పెంచా. దాన్నీ పంపమంటారా?"

"దాన్నీ పంపాలమ్మా" అంది కుముదిని. నల్లచుక్క వైపు చూడకుండా, బిగిసే ఉన్న నా మూతను ఇంకోసారి బిగించింది.

చివరికి రోగమున్నవాటిని చంపి పూడ్చిపెట్టారు. మిగతావి ఒంట్లో మందు పోయేదాకా ఆగి కబేళాకు వెళ్ళాయి. నల్లచుక్కను లారీ ఎక్కించేటప్పుడు అంకమ్మ ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. తర్వాత ఇద్దరూ కలిసి పెంట ఎత్తారు, రోగాన్ని మోసే ఎలుకల బొరియలు పూడ్చారు, సున్నం కొట్టారు. ఎండల్లో దొడ్డి నెర్రెలిచ్చేదాకా ఎండింది. ఆ తర్వాతే కొత్త పిల్లలను తెచ్చారు.

వాటి నమూనాలున్న పళ్ళేలను నాలోంచి తీసినప్పుడు ఏ పళ్ళెంలోనూ ఏమీ లేదు. కుముదిని అంకమ్మకు ఫోన్ చేసింది.

"లేదమ్మా. ఒక్కటీ మొలవలేదు."

"చచ్చిపోయిందంటారా? మావాళ్ళ దొడ్లల్లో ఎట్టా ఉందో మరి?"

కుముదిని ఖాళీ పళ్ళెం వైపే చూస్తూ, "మీ దొడ్లో లేదమ్మా" అంది.

ఇప్పుడు నా మూత బీటవారింది. పైన అరలో పడేశారు. కింద బల్లమీద కొత్త జాడీ ఒకటి చేరింది. చుట్టుపక్కల ఊళ్ళనించి దాంట్లోకి పళ్ళేలు వస్తూనే ఉన్నాయి. అది ఖాళీగా ఉండగా నేనింతవరకు చూడలేదు.